బల్ల తుడిచే అలవాటు

ఆ బటన్ నొక్కేముందు ఆమె చెయ్యి ఒక్క క్షణమైనా ఆగిందా? ఇన్నేళ్ళయినా ఈ సంగతి తేలలేదు. ఆమెనే అడిగితే ఒక్కోసారి "ఆగింది, నాకు బాగా గుర్తు" అనేది. ఇంకోసారి "ఆగి ఉంటే నొక్కేదాన్నా?" అని ఎదురడిగేది. ఏది చెప్పినప్పుడు అదే నిజమనిపించేది. చెప్పేటప్పుడు మాత్రం కుడిచేతి చూపుడువేలిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకునేది, అది మళ్ళీ ఎక్కడ ఏం నొక్కేస్తుందో అన్నట్టు.

ఆమెను అందరూ బొత్తాలక్క అనేవాళ్ళు. అన్నయ్య దర్జీ దుకాణంలో గౌను వేసుకునే వయసు నుంచీ ఆమె పని కాజాలు తీయడం, బొత్తాలు కుట్టడం, ఆఖర్న బల్ల తుడవడం. పెళ్ళయి రెండు వీధుల అవతలికి కాపురానికి వెళ్ళినా ఆ పని మానలేదు. అన్నయ్య కటింగ్ మాస్టారు. పొద్దున దుకాణం, మధ్యాహ్నం నుంచి కుట్టు శిక్షణ కేంద్రంలో పాఠాలు. ఆయన దుకాణంలో ఒకే ఒక్క శాసనం ఉండేది: ఒక గుడ్డ కోయడం అయ్యాక బల్ల మీద దాని పీలిక కనిపించకూడదు. ఒకరి గుడ్డలో ఇంకొకరి ముక్క కలిస్తే పరువు పోయినట్టే. అందుకని కత్తెర చప్పుడు ఆగీ ఆగగానే బొత్తాలక్క అరచేత్తో బల్లంతా ఒక్క ఊపున తుడిచి, పీలికలు దోసిట్లోకి తీసుకుని సంచిలో పారేసేది. అది ఆలోచించి చేసే పని కాదు. తుమ్మొస్తే ముక్కు తుడుచుకున్నట్టు, అంతే.

మాస్టారి గొంతు సంగతి చెప్పాలి. తరగతిలో కుట్టుమిషన్లన్నీ ఒక్కసారి ఆడుతున్నా వాటి మీంచి వినిపించేది. పాఠం చెబుతూ తిట్టేవాడు, తిడుతూ నవ్వించేవాడు. "చంక అంత లోతుగా కోశావు, ఈ చొక్కా తొడుక్కున్నవాడు చేతులు కట్టుకుని బతకాలా?" అని ఆయనంటే, ఆ కోసిన అమ్మాయే అందరికంటే ముందు నవ్వేది.

ఆ గొంతులో పుండు పడింది. ఎన్ని మందులు మింగినా మానలేదు. చివరికి డాక్టరు, స్వరపేటిక మొత్తం తీసేస్తే గాని ప్రాణానికి పూచీ లేదన్నాడు. బయటికొచ్చాక వరండాలో మాస్టారే ముందు మాట్లాడాడు.

"మీ వదిన పెళ్ళయిన దగ్గర్నుంచీ నోరు ముయ్యమని పోరుతోంది. ఇన్నాళ్ళకి దాని మాట నెగ్గింది" అన్నాడు చెల్లెలితో.

వదిన నవ్వలేదు. "ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాలెండి" అంది, గోడవైపు తిరిగి.

శిక్షణ కేంద్రం మేడమ్ మంచిదే. ఆవిడే ఒక దారి చూపించింది. "ఆపరేషన్‌కి ముందే పాఠాలన్నీ వీడియో తీసేయండి మాస్టారూ. తెర మీద మీ గొంతు చెబుతుంది, బల్ల మీద మీ చేతులు చూపిస్తాయి. మీ చోటు మీదే. కాకపోతే దగ్గులూ కబుర్లూ ఏరేసి, పాఠం వరకే శుభ్రంగా ఇవ్వాలి. పైవాళ్ళు చూస్తారు."

సరేనన్నారు. దుకాణంలో ఇస్త్రీబల్ల మీద స్టూలు వేసి, ఆ స్టూలుకి ఎలాస్టిక్‌తో బొత్తాలక్క ఫోను కట్టి తీశారు. కొలతలు, చొక్కా వెనకభాగం, చెయ్యి, కాలరు, ఒక్కొక్కటీ. తీస్తున్నంతసేపూ మాస్టారు మాస్టారులాగే ఉన్నాడు. మధ్యలో దగ్గేవాడు. "ఏయ్ మొద్దూ, ఫోను ఊగుతోంది, నన్ను ఓడెక్కించావా?" అని చెల్లెల్ని కసిరేవాడు. కాలరు పాఠంలో సుద్దబిళ్ళ పట్టుకుని, ఉన్నట్టుండి లోపలిగది వైపు తిరిగి, "ఇదిగో, వింటున్నావా? టీ అన్నది ఈ ఇంట్లో ఇంకా ఉందా, ఎత్తేశారా?" అని కేకేశాడు. వదిన లోపల్నుంచి ఏదో అంది. ఆయన తలెగరేసి నవ్వాడు. ఫోను అన్నీ పట్టుకుంది.

ఆపరేషన్ అయింది. మాస్టారు మెడ దగ్గర చిన్న గొట్టంతో ఇంటికొచ్చాడు. ఇప్పుడు ఆయన ఎవరినైనా పిలవాలంటే బల్లమీద గజంబద్దతో తట్టడమే. వాళ్ళింట్లో మాటలు రికార్డు చేసి దాచుకోవాలని ఎవరికీ తోచలేదు ఎప్పుడూ. కాబట్టి ఆ వీడియోల్లో తప్ప ఆయన గొంతు భూమ్మీద ఇంకెక్కడా లేదు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా బొత్తాలక్క సంచిలో చెయ్యి పెట్టి ఫోనుందో లేదో తడిమి చూసుకునేది. బజార్లో ఎవరైనా తగిలితే గుండె గుభేలుమనేది.

ఫోను నిండిపోయిందని పదేపదే చెబుతుంటే, వీడియోలన్నీ ఇంట్లో ఉన్న కంప్యూటర్లోకి ఎక్కించి ఫోను ఖాళీ చేసింది. ఆ కంప్యూటర్ ఆమె భర్త తను పనిచేసే నీళ్ళ బిల్లుల ఆఫీసులో కొత్తవి వచ్చినప్పుడు పాతవి అమ్మేస్తుంటే కొని తెచ్చినది. ఆన్ చేస్తే పిండిమర ఆడినట్టు మోగేది. ఇక మిగిలింది ఆ వీడియోలను కోసి అతికించే ప్రోగ్రాం. అక్కడ మొదలయ్యాయి ఆమె అగచాట్లు.

ముందు ఊరికే వచ్చేదాన్ని దించుకుంది. ఒక పాఠం కష్టపడి కోసింది. సేవ్ చేసి చూస్తే బొమ్మ మధ్యలో ఆ కంపెనీవాడి పేరు అడ్డంగా, తాటికాయంత అక్షరాలతో. సరిగ్గా అన్నయ్య సుద్దగీత గీసే చోట.

"డబ్బు కడితే ఆ పేరు పోతుందట" అంది భర్తతో.

"ఎంతట?"

"నెలనెలా కట్టాలట."

"వీడియోకి కూడా అద్దెలొచ్చాయా! రేపు మనిల్లు ఖాళీ చేసి అందులోకి మారదాం" అన్నాడాయన వార్తలు చదువుతూ. పేజీ తిప్పి, "బొత్తాం కుట్టడానికి నువ్వెప్పుడూ ఇంత హైరానా పడలేదే" అన్నాడు.

"బొత్తాం ఊడితే మళ్ళీ కుట్టొచ్చండీ" అంది ఆమె. ఆయన పేపరు దించి ఆమె ముఖం చూశాడు. తర్వాత వెటకారం మాని, టీ తానే పెట్టి తెచ్చాడు.

రెండోది, పెళ్ళిళ్ళు తీసే స్టూడియో ఆయన వాడేది. పని ఆపుకుని, కుర్చీ వేసి మరీ చూపించాడు. తెరనిండా మీటలు, గీతలు, పైకీ కిందికీ ఎగిరే రంగులు. "దీంట్లో చేయలేనిది లేదక్కా. వానలేని చోట వాన కురిపిస్తా" అన్నాడు.

"నాకు వానొద్దు తమ్ముడూ. దగ్గు తీసేస్తే చాలు."

"దానికిది ఎక్కువే" అని ఒప్పుకున్నాడు పాపం. అయినా ఆమె ఇంటికెళ్ళి కొనకముందు వాడి చూసుకోవడానికిచ్చే దాని నమూనా ఎక్కించింది. పిండిమర మోత పెరిగి పెరిగి, తెర బిగుసుకుపోయి, మౌసు ఎంత కదిపినా బాణం కదల్లేదు. లోపల వీడియోలు ఏమయ్యాయో! తీగ పీకాలా వద్దా? పీకితే పోతాయేమో, పీకకపోతే కాలిపోతుందేమో. గది మధ్యలో నిలబడి, కంప్యూటర్‌కేసి చూస్తూ, నిద్రపోతున్న జబ్బుమనిషి దగ్గర మాట్లాడినట్టు, "ఏం కాదు, ఏం కాదు" అంది. చివరికి అదే ఆరిపోయి, అదే వెలిగింది. వీడియోలు ఉన్నాయి. ఆమె నేలమీద కూలబడి ఏడ్చింది.

అటువైపు మేడమ్ కబురు: తరగతి మళ్ళీ తెరిచేరోజు దగ్గరపడింది, పాఠాలు ఎంతవరకూ వచ్చాయి? "అయిపోవచ్చాయండీ" అని చెప్పింది. ఒక్కటీ కాలేదు. పీడకలల్లో అన్నయ్య నోరు కదిలేది, వెనకాల పిండిమర మోత వచ్చేది.

చివరికి బస్టాండు వెనక, చిన్న గదిలో కంప్యూటర్లు బాగుచేసే ఒకావిడ దగ్గరికెళ్ళింది. ఆవిడ ప్రోగ్రాముల పేర్లేవీ చెప్పలేదు. ముందు "నీకేం చెయ్యాలి?" అంది.

"కొయ్యాలి. అతకాలి. పైన పాఠం పేరు రాయాలి. అంతే."

"కంప్యూటర్ ఎంత పాతది?"

"మీ షాపులోకి తెస్తే, దాని వయసుకి మీరే లేచి దండం పెడతారు."

ఆవిడ పకపకా నవ్వి, చిన్నదొకటి చూపించింది. ఒక్కసారి డబ్బు కడితే చాలు, అద్దె లేదు. పాత యంత్రం మీద కూడా నడుస్తుంది. పైన బొమ్మ, కింద ఒక బారు, పక్కన కత్తెర గుర్తు. "కొనకముందే ఇక్కడ ఒక ముక్క కోసి, సేవ్ చేసి, బయటికి తీసి చూడు. పేరు అడ్డం రాకుండా, బొమ్మా మాటా కలిసి వస్తేనే కొను. అందరూ కొన్నాక చూస్తారు, అదే పొరపాటు."

కోసి చూసింది. కత్తెర గుర్తు నొక్కితే నొక్కినచోట తెగింది. అంతే. బారుమీద ముక్కలు బల్లమీద పరిచిన చొక్కాభాగాల్లా వరసగా పడుకున్నాయి: వెనకభాగం, ముందుభాగం, చెయ్యి. బొత్తాలక్క వీపు మీంచి ఏదో బరువు దిగింది. ఎన్నో వారాల తర్వాత ఆ రోజు కడుపునిండా తింది.

ఆపైన పని చకచకా సాగింది. మొదట్లో, గుడ్డకి కుట్టుకోసం అంచు వదిలినట్టు, ప్రతి ముక్కకీ ఇటూ అటూ ఒక ఊపిరి వదిలేది. మేడమ్ ఒక పాఠం చూసి, "బాగుంది గానీ, ఈ ఆయాసం వినిపిస్తోంది చూడండి, అదీ లేకపోతే ఇంకా బాగుంటుంది" అంది. సరే అని ఊపిర్లు కూడా కోసింది. దగ్గు కోసింది. "మొద్దూ" కోసింది. టీ కేక కోసింది, నవ్వు కోసింది. మిగిలింది పాఠం: స్పష్టంగా, మర్యాదగా, అక్షరం పోకుండా. పాఠాలన్నీ ఒక్కొక్కటిగా సేవ్ చేసింది. ఆఖరిదానికి కంప్యూటర్లో చోటు చాలలేదంది. భర్త సినిమాలు కొన్ని తీసేసి చోటు చేసింది. అన్నీ పెట్టి చూసుకుంది. బాగున్నాయి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, భద్రంగా సంచిలో పెట్టుకుంది.

చొక్కా తయారైంది. ఇక బల్లమీద మిగిలినవి పీలికలు. అన్నయ్య ఉన్న పెద్ద పెద్ద వీడియోలు, మొదట ఫోనులో తీసినవి, కంప్యూటర్‌ని ఊపిరాడనివ్వకుండా నింపేసి ఉన్నవి, అన్నీ ఒక్కసారిగా పట్టి, తీసేయమని నొక్కింది. నిజంగానే తీసేయాలా అని అది అడిగింది. అవునంది. చెత్తబుట్టలో ఉన్నాయి, అవి కూడా పోవాలా అని అడిగింది. అవునంది. పిండిమర మోత కాస్త తగ్గింది కూడా. చేతులు దులుపుకుని లేచింది.

మర్నాడు వదిన వచ్చింది. గడపలోనే నిలబడి, ఏదో అప్పు అడగడానికి వచ్చినదానిలా చెంగు వేలికి చుట్టుకుంటూ, "అమ్మాయ్, నాదొక చిన్న పని" అంది.

"చెప్పు వదినా. కూర్చో ముందు."

"కూర్చోను, ఆయనకి మందు వేళయింది. కాలరు పాఠం తీసేటప్పుడు ఆయన నన్ను కేకేశారు చూడు... టీ గురించి. 'ఇదిగో, వింటున్నావా' అని. అది పాఠంలో ఉండదని తెలుసులే. ఆ ముక్క ఒక్కటీ నా ఫోనులో వేసిపెట్టు. పొద్దున్నే గిన్నెలు తోముకుంటుంటే..." ఆగింది. "ఇల్లంతా గజంబద్ద చప్పుడేనమ్మా. ఆయనకి చెప్పకు, నవ్వుతారు."

బొత్తాలక్క "రేపిస్తా వదినా" అంది. ఆ మాట ఎవరో అన్నట్టు తనకే వినిపించింది.

వదిన వెళ్ళగానే ప్రోగ్రాం తెరిచింది. భయమెందుకు, ముక్కలన్నీ అందులో ఉన్నాయిగా, కాలరు పాఠం తెరిచి, కోసిన చోట అంచు పట్టి లాగితే తీసేసింది మళ్ళీ బయటికొస్తుంది. తెరిచింది. బారుమీద ముక్కలు వరసగా ఉన్నాయి. ఒక్కోదానిలో అన్నయ్య ఉండాల్సిన చోట నల్లటి డబ్బా, దానిమీద ఒకటే మాట: ఫైలు దొరకలేదు. ప్రతి ముక్కా నొక్కింది. దొరకలేదు. దొరకలేదు.

కంప్యూటర్ పెట్టెని సంచిలో వేసుకుని, జ్వరంతో ఉన్న చంటిపిల్లని ఎత్తుకుపోయినట్టు ఆ రిపేరావిడ దగ్గరికి పరుగెత్తింది. ఆవిడ తీగలు తగిలించి, తెర వెలిగించి చూసింది.

"ప్రోగ్రాంలో ముక్కలుండవక్కా. ఏ ముక్క ఎక్కడుందో గుర్తు పెట్టుకుంటుందంతే. నువ్వు అసలువి తీసేశావు."

"పాఠం అయిపోయిందిగా... అవి పీలికలనుకున్నా. ఎక్కడో అడుగున ఉండవా? వెతకండి. ఎంతైనా ఇస్తా."

ఆవిడ వెతికింది. రెండు రోజులు యంత్రాన్ని తన దగ్గరే పెట్టుకుని వెతికింది. దొరికినవి చిరిగిన బొమ్మలు: అన్నయ్య చెయ్యి సగం, బల్ల అంచు, గజంబద్ద. మాట ఎక్కడా లేదు. "దొరకనిదాని పేరు చెప్పి డబ్బు తీసుకోలేను, తీసుకెళ్ళు" అంది ఆవిడ.

ఇంటికొచ్చి, సేవ్ చేసిన పాఠాలన్నీ మళ్ళీ విన్నది. ఎక్కడైనా కత్తెర తప్పిందేమో, ఒక దగ్గయినా, సగం నవ్వయినా మిగిలిందేమోనని చెవి ఆనించి విన్నది. ఆమె పని శుభ్రంగా ఉంది. జీవితంలో ఎప్పుడూ అంత శుభ్రంగా ఏదీ చేయలేదు.

వదిన కనిపించినప్పుడల్లా "రేపు". ఒకసారి కరెంటు లేదంది. ఒకసారి తీగ పాడైందంది. వదిన ఎదురొస్తోందంటే పక్కసందులోకి తప్పుకోవడం కూడా నేర్చుకుంది. భర్తకి చెబుదామని నోరు తెరిచి, ఉప్పు తక్కువైందా అని అడిగి మూసుకుంది. చెబితే ఆయనేమంటాడో తెలుసు: వెళ్ళి చెప్పెయ్. చెప్పెయ్యడం ఆయనకేం, నోటితో అయిపోయే పని.

తరగతి తెరిచేరోజు వచ్చింది. కేంద్రంలో మిషన్ల మీది దుమ్ము దులిపారు. గోడకి తెర కట్టారు. మాస్టారు మెడకి తెల్లటి రుమాలు చుట్టుకుని, ఇస్త్రీ చొక్కాలో, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడిలా వచ్చాడు. వదిన తలుపు పక్కన బెంచీ మీద కూర్చుంది. బొత్తాలక్క కంప్యూటర్ దగ్గర. పాఠం నడపడం ఆమె పని.

మేడమ్ నాలుగు మాటలు చెప్పి తలూపింది. బొత్తాలక్క నొక్కింది.

గొంతు వచ్చింది. గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. "ముందుగా గుడ్డను బల్లమీద సమానంగా పరవండి" అంది తెర. మాస్టారి చేతులు పరిచాయి. "నిలువు దారం చూసుకోండి" అంది. చేతులు చూశాయి. గొంతూ చేతులూ ఎంత బాగా కలిశాయంటే, కాసేపటికి జనం తెర చూడటం మాని బల్లే చూశారు. మేడమ్ కళ్ళు తుడుచుకుంది. కొలతల పాఠం అయింది, చెయ్యి అయింది, కాలరు మొదలైంది.

అప్పుడు వెనక మిషన్ దగ్గర్నుంచి ఒక పాత విద్యార్థిని, నోటిదురుసుది, ఉండబట్టలేక అనేసింది. "మాస్టారూ, ఏమనుకోకండి, ఈ చెప్పేది మీరు కాదు, మీ తమ్ముడెవరో! ఇంతసేపట్లో ఒక్క తిట్టు తిట్టలేదు!"

గది గొల్లుమంది. మాస్టారూ నవ్వాడు, చప్పుడు లేకుండా, భుజాలు ఊగేలా. నవ్వుతూనే చెల్లెలి వైపు తిరిగి రెండు వేళ్ళు కత్తెరలా ఆడించాడు. తర్వాత అరచేత్తో బల్లమీద ఊడ్చి, దోసిలిపట్టి, కనుబొమ్మలెగరేశాడు. అవన్నీ ఏవి?

"దాచిందండీ, విడిగా దాచింది" అంది వదిన బెంచీ మీంచి. "నాకిస్తానని రేపూ రేపంటూ తిప్పుతోంది, అంతకంటే ఏం లేదు."

మాస్టారు తృప్తిగా తలూపి, మళ్ళీ సుద్దబిళ్ళ అందుకున్నాడు.

ఊరుకుంటే ఆ పూట గడిచిపోయేది. ఇంకో రేపు, ఆపైన ఇంకో రేపు. బొత్తాలక్క పాఠం ఆపి లేచి నిలబడింది.

"లేవన్నయ్యా" అంది. "దాచలేదు. తీసేశాను. పాఠాలయిపోయాయని... బల్ల తుడిచినట్టు తుడిచేశాను. వెతికించాను. లేవు. వదినా, లేవు."

మాస్టారు నోరు తెరిచాడు. ఆమె ఎదురుచూసింది. ఒక్క "మొద్దూ", గదంతా అదిరేలా ఒక్కటి. మెడ దగ్గర రుమాలు మాత్రం ఉబ్బి, తగ్గింది. ఆయన నోరు మూసుకుని, చేతిలో సుద్దబిళ్ళ వైపు చూశాడు. జనం బిక్కముఖాలు వేసుకుని ఉన్నారు. తలుపు దగ్గర వదిన చెంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, చుట్టుకుంటోంది.

చాలాసేపటికి మాస్టారు గజంబద్దతో బల్లమీద తట్టాడు. కోపమో, కానివ్వమనో, ఆ చప్పుడుని బట్టి తెలియలేదు. చెయ్యి తెరవైపు చూపించాడు. ఆమె నొక్కింది.

"ఇప్పుడు కాలరు ముక్కను సరిగ్గా మధ్యకి మడవండి" అంది గొంతు.

మాస్టారు మడిచాడు. అంచులు కలవలేదు. విప్పి మళ్ళీ మడిచాడు. గొంతు ఆగలేదు, తర్వాతి మాటలోకి వెళ్ళిపోయింది. ఆయన చేతులు దాని వెనక తడబడుతూ, అందుకోవాలని చూస్తూ వెళ్ళాయి.

బొత్తాలక్క మౌసుని మేడమ్ చేతి దగ్గరికి జరిపింది. సంచి తీసుకుంది. మిషన్ల మధ్య నుంచి ఒదిగి నడిచి, వదిన మోకాళ్ళు తగలకుండా తలుపు దాటింది. వదిన తెరవైపే చూస్తోంది. వెళ్ళొస్తానని ఆవిడతో అనలేదు, అన్నయ్యతో అనలేదు. అడుగుల చప్పుడు పాఠానికి అడ్డొస్తుందని చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.